ఫిరంగులు లేని క్రిస్మస్ పాట

"గంటలు చక్కగా మోగుతున్నాయంటివి కదమ్మా, మరి ఆయనకంత దిగులెందుకొచ్చిందీ?"

ఈ ప్రశ్న అడిగినావిడ సాహిత్య విమర్శకురాలు కాదు. పల్నాడు పల్లెటూరి నుంచి భర్తని తీసుకొచ్చి, ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని రోజులు లెక్కపెట్టుకుంటున్న మనిషి. అప్పటికి పదిరోజులుగా నేనూ ఆ వరండాలోనే వున్నాను. 2019 డిసెంబరు. మా తమ్ముడికి ఉన్నట్టుండి అరికాళ్ళు తిమ్మిరెక్కాయి. రెండోనాటికి మెట్లెక్కలేకపోయాడు. నాలుగోనాటికి చెంచా పట్టుకోలేకపోయాడు. గిలాన్ బారీ అని పేరు చెప్పారు. ఏదో మామూలు జ్వరమో విరేచనాలో వచ్చి తగ్గిపోయాక, ఒంటిని కాపాడవలసిన శక్తే పొరపాటుపడి సొంత నరాల మీద పడుతుందట. కాళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాలదాకా రాకుండా ఆగితే అదృష్టం. వాడి విషయంలో ఆగుతుందో లేదో అప్పటికింకా ఎవరూ చెప్పలేదు.

పండగ ముందు రోజులు గదా, నర్సింగు చదివే ఆడపిల్లలు తెల్లబట్టలు కట్టుకుని వార్డు వార్డుకీ తిరిగి పాటలు పాడుతున్నారు. ఆక్సిజన్ వున్నచోట కొవ్వొత్తులు వెలిగించకూడదని చేతుల్లో సెల్ ఫోన్ దీపాలు పెట్టుకున్నారు. తెలుగు పాటలు రెండయ్యాక, జెరాక్సు కాగితం చూసుకుంటూ ఒక ఇంగ్లీషు పాట ఎత్తుకున్నారు. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన పాటే, గంటల పాట. పాడి, చాక్లెట్లు పంచి వెళ్ళిపోయారు.

"ఏమన్నారమ్మా ఆ పిల్లలు?" అనడిగింది పెద్దమ్మ. చెప్పాను. క్రిస్మస్ నాడు గంటలు మోగుతున్నాయి, భూమ్మీద శాంతి అంటున్నాయి, ఊరూరా అదే మోత. అంతలో కవి తల వాల్చేసి, శాంతీ లేదు ఏమీ లేదు అనుకుంటాడు. అప్పుడు గంటలు ఇంకా గట్టిగా మోగి దేవుడున్నాడని చెబుతాయి. అంతే పాట, అన్నాను. అప్పుడడిగిందావిడ, పైన రాసిన ప్రశ్న.

బి.ఏ.లో ఇంగ్లీషు సాహిత్యం చదివినదాన్ని, నాలుగు నవలలు రాసినదాన్ని. నోరు వెళ్ళబెట్టాను. నిజమే కదా! మూడు చరణాల పాటు హాయిగా గంటలు వింటున్న మనిషికి నాలుగో చరణంలో గుండె జారిపోవడానికి కారణం వుండొద్దూ? నా నవలలో నాయిక అలా చేస్తే మీరంతా ఉత్తరాలు రాసి కడిగెయ్యరూ? ముప్ఫై ఏళ్ళుగా ప్రతి పండక్కీ ఆ పాట వింటూ, ఒక్కసారి కూడా ఆ అతుకు నా కంటపడలేదు.

ఆ రాత్రి ఫోనులో వెతికాను. తీరా చూస్తే పెద్దమ్మ మాటే నిజం. ఆ పాటలో మధ్య చరణాలు ఎవరో తీసేశారు!

పాటకి మూలం "క్రిస్మస్ బెల్స్" అనే కవిత. రాసింది అమెరికన్ కవి లాంగ్ ఫెలో. ఈయన మనకి కొత్తవాడేం కాదు. "సామ్ ఆఫ్ లైఫ్" అనే ఆయన పద్యాన్ని బళ్ళో బెత్తం భయంతో బట్టీపట్టిన వాళ్ళు మీ ఇళ్ళల్లోనూ వుంటారు. ఈ గంటల కవిత 1863 క్రిస్మస్ నాడు రాశాడని చెబుతారు. 1865 ఫిబ్రవరిలో ఒక పిల్లల పత్రికలో అచ్చయింది. 1872లో కాల్కిన్ అనే ఇంగ్లీషు సంగీతకారుడు దానికి వరస కట్టాడు. 1956లో జానీ మార్క్స్ ఇంకో వరస కట్టాడు. పాటగా మారే దారిలోనే చరణాలు రాలిపోయాయి. కవితలో ఏడు చరణాలు. పాటల పుస్తకాల్లో సాధారణంగా కనపడనివి నాలుగోదీ, అయిదోదీ.

ఏముంది ఆ రెంటిలో? నాలుగో చరణంలో ఫిరంగులు పేలతాయి. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది మరి. దక్షిణాది ఫిరంగుల మోతలో గంటల పాట మునిగిపోతుంది. అయిదో చరణంలో ఒక భూకంపం వచ్చి దేశమంతటా ఇళ్ళలో పొయ్యిరాళ్ళు పగిలిపోయినట్టు చెబుతాడు. నాకీ ముక్క దగ్గర కాసేపు ఆగాలనిపించింది. యుద్ధం గురించి రాసే మగవాళ్ళు మామూలుగా జెండాలు విరిగాయనో కోటలు కూలాయనో రాస్తారు. ఈయన పొయ్యి పగిలిందన్నాడు. ఇంట్లో మనిషి మంచాన పడినప్పుడు మొదట ఆరేది ఏమిటో ఆడవాళ్ళకి తెలుసు. ఆ పదిరోజులూ మా అమ్మ ఇంట్లో పాలు కూడా కాగలేదు. అందరం కాంటీన్ ఇడ్లీల మీదే బతికాం.

ఈ రెండు చరణాలూ వున్నాక గాని ఆరో చరణంలోని నిరాశ నిరాశ కాదు. అవి తీసేస్తే అదొక కవిగారి మూడ్. ఇంకా పెద్ద నష్టం ఏడో చరణానికి. పాటలో గంటలు "ఇంకా గట్టిగా" మోగుతాయి. దేనికన్నా గట్టిగా? ఫిరంగుల కన్నా. ఫిరంగులే లేకపోతే ఆ గట్టితనం కొలవడానికి కొలత ఏదీ?

ఎందుకు తీసేశారన్నది నా ఊహ చెబుతాను. ఒకటి, యుద్ధం అయిపోయాక ఉత్తరాదివాళ్ళూ దక్షిణాదివాళ్ళూ ఒకే పుస్తకంలోంచి పాడుకోవాలి. ఫిరంగులన్నీ దక్షిణాదివే అన్నట్టు రాసిన చరణాన్ని దక్షిణాదివాళ్ళు గుడిలో ఎలా పాడతారు? అక్కడ లాంగ్ ఫెలోదీ తప్పుంది. ఆయన ఉత్తరాదివాడు, బానిసత్వాన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు, తన పక్షం తను తీసుకున్నాడు. తప్పు పక్షమనను. కానీ కొడుకులు పోయిన తల్లులు ఆ పక్కనా వున్నారు. రెండోది, పండగపూట ఫిరంగులేమిటండీ అనే సుకుమారం. ఈ రెండోదాని మీదే నా కోపం.

చరిత్రలో ఒక చిత్రం చూడండి. 1862లో దక్షిణాది సేనాని బోరిగార్డ్, ఫిరంగులు పోత పొయ్యడానికి లోహం చాలక, గంటలు ఇమ్మని ప్రజలని అడిగాడు. ఆదివారం పొద్దున్న జనాన్ని పిలిచే గంటే కరిగి తుపాకిమందు కూరుకునే గొట్టం కావాలన్నమాట. ఈ సంగతి కవి మనసులో వుందో లేదో గాని, గంటకీ ఫిరంగికీ మధ్య పోటీ పెట్టినప్పుడు ఆయన రెండు దూరపు వస్తువులని పక్కపక్కన పెట్టలేదు. ఒకే లోహానికి వుండే రెండు గొంతుకలని పెట్టాడు.

ఇక కవిగారి ఇంటి సంగతి. ఇది చదివాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫానీ అనే అమ్మాయి కోసం ఆయన ఏడేళ్ళు ఎదురుచూసి 1843లో పెళ్ళాడాడు. అది రెండో పెళ్ళి. మొదటి భార్య మేరీ 1835లోనే పరదేశంలో పోయింది. 1861 జూలైలో ఇంట్లోనే ఫానీ బట్టలకి నిప్పంటుకుంది. ఆర్పబోయి ఆయన కూడా కాలిపోయాడు. ఆవిడ మర్నాడే పోయింది. ఒంటి గాయాలతో మంచం మీదున్న భర్త భార్య అంత్యక్రియలకి వెళ్ళలేకపోయాడు. మనం బొమ్మల్లో చూసే ఆ పొడుగాటి తెల్లగడ్డం వేషం కాదు, కాలిన ముఖం మీద కత్తి పెట్టలేక వదిలేసిన గడ్డం.

అయిదుగురు పిల్లలున్న ఇల్లు. పెద్దవాడు చార్లీ, 1863 మార్చిలో తండ్రికి చెప్పకుండా సైన్యంలో చేరిపోయాడు. వెళ్ళిపోయాక ఉత్తరం రాశాడు. మన ఇళ్ళల్లో కూడా పద్ధెనిమిదేళ్ళ కుర్రాళ్ళు ఇలాంటివి చెప్పకుండానే చేస్తారు, చెబితే వద్దంటామని. ఆ వేసవిలో వాడికి శిబిరంలో విషజ్వరం వచ్చింది. కోలుకుని మళ్ళీ వెళ్ళాడు. నవంబరు 27న వర్జీనియాలో తూటా ఎడమ భుజంలోంచి దూరి, వెన్నెముకని రాసుకుంటూ వెళ్ళి, కుడివైపు తేలింది. డిసెంబరు 1న ఇంటికి తంతి వచ్చింది. తండ్రి రెండోకొడుకుని వెంటబెట్టుకుని వాషింగ్టన్ కి పరుగెత్తాడు. అక్కడ ముందు చూసిన డాక్టరు పక్షవాతం రావచ్చునన్నాడు. తర్వాత చూసిన డాక్టర్లు, అంత భయం లేదు, కోలుకోవడానికి ఆరునెలలైనా పడుతుందన్నారు. 8వ తేదీన కొడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆరు నెలలు! మా తమ్ముడికి కూడా వారం తర్వాత అదే లెక్క చెప్పారు. ఆ మాట విన్నప్పుడు నాన్నగారు కారిడార్ లో నిలబడి గోడకున్న కేలండర్ లో కాగితాలు ఒక్కొక్కటే పైకెత్తి జూన్ దాకా చూశారు. ఆ తండ్రీ అలాగే చూసుంటాడు కాబోలు.

కాని ఒక విశేషం. ఇంత జరిగిన ఇంట్లో కూర్చుని రాసిన కవితలో కొడుకు లేడు. భార్య లేదు. తూటా లేదు, పక్షవాతపు భయం లేదు. పక్క గదిలో గాయపడ్డ పిల్లవాడు మూలుగుతుంటే, ఆయన దేశంలో పొయ్యిరాళ్ళన్నీ పగిలాయని రాశాడు గాని నా పొయ్యి పగిలిందని రాయలేదు. నాబోటి నవలారచయిత్రి అయితే ఆ గదిలోకి వెళ్ళి నాలుగు అధ్యాయాలు రాసి వుండేది! ఆయన స్వభావమే అంత. ఫానీ గురించి ఒక పద్యం 1879లో, ఆవిడ పోయిన పద్ధెనిమిదేళ్ళకి రాసుకున్నాడు. అదీ అచ్చుకివ్వలేదు. 1882లో ఆయన పోయాకే లోకం చూసింది.

దీన్ని కొందరు చల్లదనమంటారు. నేననను. ఆసుపత్రి వరండాలో ఎవరి రోగం వాళ్ళు గట్టిగా చెప్పుకోవడం రెండురోజులే. మూడోరోజుకి "మీ ఆయనకెలా వుంది", "మీ వాడు కాలు కదిపాడా" అని పక్కవాళ్ళని అడగడం మొదలవుతుంది. మన దుఃఖం గురించి మాట్లాడలేనప్పుడు పక్క చాప మీది దుఃఖం గురించి మాట్లాడతాం. ఆ నాలుగు, అయిదు చరణాలు అలాంటి మాటలు. వాటిని తీసేసినవాళ్ళు చార్లీని రెండోసారి బయటికి పంపేశారు. ఆ కవితలో వాడికి తల దాచుకోను చోటున్నది అక్కడే.

ఇంత చెప్పినదాన్ని, చివరి చరణం గొప్పదని కూడా అంటానేమో అనుకోకండి. చెడు ఓడుతుంది, మంచి నెగ్గుతుంది అనే భాగం దగ్గర నాకు మళ్ళీ బెత్తం పట్టుకున్న లాంగ్ ఫెలో కనపడ్డాడు. ఎప్పుడు ఓడుతుంది స్వామీ, తేదీ చెప్పు అనాలనిపించింది. ఆ మాట ఆయన తన నోటితో అనకుండా గంటల చేత అనిపించాడు, అదే రక్షించింది. మనిషి అంతకుముందు చరణంలోనే తల వాల్చేశాడు, తిరిగి తల ఎత్తినట్టు కవి ఎక్కడా రాయలేదు. నమ్మకం వచ్చిందని చెప్పలేదు. గంటలు మోగాయని చెప్పాడు. ఆయన ఊరుకున్నాడు, అవి ఊరుకోలేదు. ఎంత తేడా వుందో చూశారా!

నేను పుట్టింది లూథరన్ సంఘం వాళ్ళింట్లో. క్రిస్మస్ అంటే వెదురుగడకి కట్టిన కాగితపు నక్షత్రం, అరిసెల పాకం, అర్ధరాత్రి వీధి చివర డోలక్ మోత. పండగ నాటకంలో హేరోదు రాజు కూడా. మా చర్చిలో హేరోదు వేషం ఎప్పుడూ బాగా లావుగా వుండే అబ్బాయికే ఇచ్చేవారు. అట్టకిరీటం, బొగ్గుమీసం, కత్తి తిప్పుతూ వచ్చాడంటే పిల్లలంతా పడీపడీ నవ్వేవారు. ఆ రాజు బేత్లెహేములో పసివాళ్ళని చంపించాడని మత్తయి సువార్తలో వుంది. ఆ తల్లుల ఏడుపు కూడా వుంది. ఓదార్పు వద్దన్న తల్లి మాట వుంది. కానీ మా నాటకంలో ఆ తల్లులు ఒక్కసారీ వేదిక ఎక్కలేదు. గొల్లలు వచ్చారు, జ్ఞానులు వచ్చారు, ఆఖరికి తెల్లదుప్పటి కప్పుకున్న గొర్రెపిల్ల కూడా వచ్చింది. తల్లులు మాత్రం రాలేదు. ఫిరంగుల చరణాలు తీసేసిన చెయ్యీ ఇదీ ఒకటే. సువార్త రాసినవాడు పండగ పాడవుతుందని భయపడలేదు. మనమే భయపడ్డాం.

మా అమ్మ మాత్రం భయపడే రకం కాదు. ఆవిడకి ఇంగ్లీషు పాటలు పట్టవు. రాగం, తాళం పేర్లు పైన వేసిన పాత "ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు" పుస్తకమే ఆవిడ సంచిలో వుంటుంది. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు నోటికి వచ్చు. తమ్ముడు పడుకున్నాక రోజూ బైబిల్లో 121వ కీర్తన మెల్లిగా చదివేది. కాపాడేవాడు కునుకు తియ్యడని చెప్పే కీర్తన. లాంగ్ ఫెలో గంటలు చివరిలో అనేదీ ఆ దోవలోదే, దేవుడు పోలేదు, పడుకోనూ లేదని. చదువుకునే రోజుల్లో ఆ కీర్తన నాకు పెద్దగా ఎక్కలేదు. నిద్రపోకపోవడం కూడా ఒక గొప్పేనా, రోగం నయం చెయ్యడం గొప్పగాని, అనుకునేదాన్ని.

డిసెంబరు 24 రాత్రి రెండుగంటలకి నాకది అర్థమయింది. అర్థమయిందనడం కూడా పెద్దమాటే. తమ్ముడి ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒక్క ఊపిరి ఇంకొక్క అంకె దాకా వెళ్ళి రావాలని గొట్టం వున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చారు వాడికి. అందులో మూడు బంతులు. పీలిస్తే లేవాలి. ఆ సాయంత్రం ఒక్క బంతే లేచింది. వరండాలోకి వచ్చి చూద్దును కదా, పెద్దమ్మ చాపమీద లేచి కూర్చుని వుంది. అటు చివర ఇంకెవరో సాయిబుగారు తస్బీ తిప్పుకుంటున్నారు. నర్సు కళ్ళు నులుముకుంటూ చార్టు రాస్తోంది. ఎవరూ ఎవరికీ నయం చెయ్యడం లేదు. కాని మెలకువగా వున్నారు. మెలకువగా వున్నవాళ్ళకి కావలసింది మెలకువగా వున్న ఇంకొకళ్ళు. ఆ కీర్తన రాసినవాడు ఇలాంటి రాత్రి ఏదో గడిపే వుంటాడు. నాకు దేవుడి సంగతి పొద్దున్న చర్చిలో కన్నా ఆ వరండాలో ఎక్కువ నమ్మకంగా తోచింది.

"నీ ప్రశ్నకి జవాబు దొరికింది పెద్దమ్మా" అని, ఆ రెండు చరణాల సంగతి, కొడుకు సంగతి అప్పుడే చెప్పాను. అంతా విని, "ఆ పిల్లోడు బతికాడా?" అంది. బతికాడన్నాను. "పెళ్ళి చేసుకున్నాడా, తండ్రిని చూసుకున్నాడా?" అంది. ఏం చెప్పను! గాయం మానాక దేశాలు పట్టి తిరిగాడు, జపాన్ వెళ్ళి ఒంటినిండా పచ్చబొట్లు పొడిపించుకొచ్చాడు. ఆ మాటే చెప్పాను. "పోన్లే, తిరగనీ, కాళ్ళున్నాయిగా" అంది ఆవిడ.

మా వాడి బంతులు మూడూ లేవడానికి జనవరి సగమయింది. కర్రతో నడవడానికి, చొక్కా బొత్తాలు తనే పెట్టుకోవడానికి డాక్టర్లు చెప్పిన ఆరునెలలూ పట్టింది. పెద్దమ్మా వాళ్ళు క్రిస్మస్ మర్నాడే వేరే ఆసుపత్రికి మారిపోయారు. భర్తకెలా వుందో తెలియలేదు. ఫోను నంబరు తీసుకోవాలని ఆ హడావిడిలో నాకు తోచనే లేదు.

పోయిన క్రిస్మస్ కి అమ్మావాళ్ళింట్లో వున్నాను. రాత్రి పన్నెండు దాటాక పాటల బృందం వచ్చింది. కుర్రాళ్ళు గిటార్ కూడా తెచ్చారు. వాళ్ళకి ఆ గంటల పాట వచ్చునంటే, ఏడు చరణాలూ రాసిన కాగితం ఇచ్చి, మొత్తం పాడమన్నాను. నాయకుడు అబ్బాయి చూసి గతుక్కుమన్నాడు. "అక్కా, ఇంకా ఇరవై ఇళ్ళున్నాయి. అయ్యగారు మూడింటికల్లా ముగించమన్నారు" అన్నాడు.

నాన్నగారు గుమ్మంలో శాలువా కప్పుకుని నిలబడ్డారు. "మిగతా ఇళ్ళల్లో మీ ఇష్టం బాబూ. ఇక్కడ మాత్రం ఆ రెండు చరణాలూ పాడండి" అన్నారు.

వరస అదే కనుక ఇబ్బంది లేకపోయింది. ఫిరంగుల దగ్గరికొచ్చేసరికి డోలక్ అబ్బాయికి ఏం తోచిందో, వాయించడం ఆపేశాడు. తమ్ముడు మెట్లు దిగి వెళ్ళి, వాళ్ళకి కాగితం కనపడేలా తన ఫోను దీపం పట్టుకున్నాడు.